పదకొండు రోజుల ముట్టడికి పొడిగింపు

“నా మాట రాసిపెట్టుకోండి! నెల తిరిగేలోగా మన కోట ముట్టడి వ్యాసాన్ని ప్రపంచస్థాయికి తీసుకెళతాం!” అని సాంస్కృతిక మంత్రిగారు ప్రకటించగానే హాలు దద్దరిల్లిపోయింది. ఆన్‌లైన్ విజ్ఞానసర్వస్వంలో ఒక వ్యాసం కోసం అంతటి నాయకుడు నడుం బిగించడం మామూలు సంగతా? చప్పట్లు కొట్టనిది ఒక్కరే, రికార్డు సెక్షన్ గుమాస్తా. ఆ వ్యాసం రాసింది ఆయనే మరి.

పన్నెండేళ్ళ కిందట ఒక ఆదివారం గొడుగూ భూతద్దమూ పట్టుకెళ్ళి, కోట తలుపు లోపలున్న రాతిశాసనం చదివి, ఐదే ఐదు వాక్యాలు రాశారు. “బయటివాళ్ళు వచ్చారు. తలుపు వేసి ఉంది. పదకొండు రోజులు కూర్చున్నారు. వాన పట్టుకునేసరికి వెళ్ళిపోయారు. వాళ్ళ నాయకుడికి జలుబు చేసింది.”

మర్నాడే మంత్రిగారి నుంచి పిలుపొచ్చింది.

“ఎంతమంది పోయారయ్యా?”

“ఎవరూ పోలేదండి.”

“ఒక్కడు కూడానా? ఇదేం ముట్టడయ్యా, బస్సు రాలేదని ఇంటికెళ్ళిపోయినట్టుంది!”

పక్కనే పీఏ ఉన్నాడు. ఎవరేమన్నా సరేనంటాడని ఆఫీసంతా అతన్ని ‘తథాస్తు’ అంటుంది. “పదకొండు రోజులు మరీ తక్కువ సార్. ఎక్స్‌టెన్షన్ ఇచ్చేద్దాం,” అన్నాడు.

సాయంత్రానికల్లా ఉత్తర్వు వెలువడింది. ప్రజాప్రయోజనం దృష్ట్యా సదరు ముట్టడిని తొంభై రోజులకు పొడిగించడమైనది. మృతులు మూడువేలు.

“రౌండు ఫిగరైతే అనుమానిస్తారేమోనండి,” అని నసిగారు గుమాస్తా.

“అయితే మూడువేల ఏడు.”

“ఆ ఏడుగురూ ఎవరండీ?”

“మా ముత్తాతలు.”

ఐదు వాక్యాలూ చెరిపేసి, ఐదు పేజీలు ఎక్కించాల్సి వచ్చింది గుమాస్తాకి. ఇంటికెళ్ళి అన్నం ముందు కూర్చుని కళ్ళనీళ్ళు పెట్టుకున్నారు.

“ఐదు లైన్ల కోసం ఇంత ఏడుపా?” అంది భార్య.

“ముప్ఫయ్యేళ్ళ సర్వీసులో అబద్ధం లేకుండా రాసినవి అవేనే!” అన్నారాయన.

పొద్దున చూస్తే ఐదు పేజీల కింద ఎవరో సంపాదకుడు ఒకే మాట అడిగాడు. “ఆధారం?” ఆదివారం రాత్రిలోగా చూపకపోతే పాత వ్యాసాన్నే తిరిగి పెట్టేస్తానన్నాడు.

“ఎవడయ్యా వీడు? ట్రాన్స్‌ఫర్ కొట్టండి!”

“ఉద్యోగి కాదండి. జీతం లేకుండా చేస్తాడు.”

“జీతం లేకుండానా?” మంత్రిగారు కుర్చీలో వెనక్కి జరిగారు. “అయితే ప్రమాదకరమైన మనిషే!”

నాయకుడంటే అలా కుంగిపోడు కదా. ఆధారం కోసం తొంభై రోజులనీ మూడువేల ఏడుగురనీ కొత్త రాయి చెక్కించి కోటలో పెట్టించారు. ఆదివారం తెర లాగడం, ఫొటో తీయడం, పాత రాయిని పీకేయడం కార్యక్రమం. అంతవరకూ ఎవరూ చూడకూడదని, తన లిఖితపూర్వక అనుమతి లేనిదే తలుపు తీయరాదని కాపలాదారుకు ఉత్తర్వు కూడా ఇచ్చారు.

ఆదివారం పన్నెండు కార్లలో బయల్దేరారు. కోట తలుపు వేసి ఉంది.

“తలుపు తియ్యవయ్యా!”

“అనుమతి కాగితం ఉందాండీ?” లోపల్నించి కాపలాదారు గొంతు.

“నేనే మంత్రిని!”

“మీరే అనడానికి కాగితం ఉండాలి కదండీ. మంత్రిగారు గట్టిగా చెప్పారు.”

తథాస్తు జేబులన్నీ తడుముకున్నాడు. లెటర్‌హెడ్ ఆఫీసులో ఉంది, ఆఫీసుకు సెలవు. కుర్చీలు వేయించుకుని గుమ్మం ముందే కూర్చున్నారు. సరిగ్గా పదకొండు నిమిషాలయ్యేసరికి వాన దంచికొట్టింది. గుమాస్తా తన పాత గొడుగు మంత్రిగారికి పట్టారు గానీ, దానికి చిల్లులు. అందరూ కార్లెక్కి వెనక్కి వచ్చేశారు.

సోమవారం మంత్రిగారు తుమ్ముతూ వచ్చి కంప్యూటరు తెరిపించారు. తెర మీద ఐదే ఐదు వాక్యాలున్నాయి. గుమాస్తాకి ప్రాణం లేచి వచ్చింది.

మంత్రిగారు మొదటి వాక్యం చదివారు. రెండోది చదివారు. ఐదోది చదివేసరికి మొహం కందగడ్డ అయిపోయింది.

“జలుబు సంగతి కూడా ఎక్కించేశారా! ఎవడయ్యా వీళ్ళకు చెప్పింది?” అని బల్ల గుద్దారు. “కూర్చున్నది పదకొండు నిమిషాలైతే పదకొండు రోజులంటారా? వెంటనే ఖండన ఇవ్వండి!”

“తథాస్తు సార్,” అన్నాడు పీఏ.