పురోహితుల గొంతు నులిమే ఉండలు

"నా కళ్లుగప్పి ఈ నోవై ఊళ్లో చీమైనా స్నో దాటలేదు!" అని ప్రకటించాడు పద్మనాభం. కార్ల కంపెనీ లేఆఫ్ చేసిన మర్నాటి నుంచి ఆయన డిటెక్టివే. ఇంతవరకూ ఛేదించింది డ్రయర్‌లో మాయమైన సాక్సు కేసొక్కటే. అది ఆయన కాలికే దొరికింది.

కృష్ణకుమారి పులిహోర కలపడం ఆపలేదు. సత్యనారాయణ వ్రతం అయింది. మంచులో ట్రాయ్ నుంచి డ్రైవ్ చేసుకొచ్చిన పంతులుగారు కడుపునిండా తిని వెళ్తేనే ఆవిడ లెక్కలో వ్రతం పూర్తయినట్టు.

"ఆ డబ్బా ముట్టుకోకు!" అని అరిచాడు పద్మనాభం.

పక్కింటి ఇటాలియన్ బామ్మ లూసియా పంతులుగారి కోసం పంపిన డబ్బా అది. పాలకూర, రొట్టె కలిపి ఉడికించి, వెన్న పోసిన పచ్చటి ఉండలు. గుడ్డు వెయ్యొద్దని కృష్ణకుమారి ముందే చెప్పుకుంది.

"మూత మీద పేరు చూశావా? స్ట్రాంగొలాప్రేతి!"

"నోరు తిరగట్లేదు. అయితే ఏంటట?"

"నెట్‌లో చూశా. పురోహితుల గొంతు నులిమేవని అర్థం! మనింట్లో ఇప్పుడున్న పురోహితుడెవరు? హంతకురాలు నేరాన్ని మూత మీద రాసి మరీ పంపింది!"

"మొన్న మన డ్రైవ్‌వే మీద మంచు ఊడ్చింది ఆవిడే కదండీ."

"సాక్ష్యాలు తుడిచేసింది!"

పద్మనాభం డబ్బా పట్టుకుని తిన్నగా హాల్లోకి వెళ్లాడు. "పంతులుగారూ, కంగారు పడకండి. మిమ్మల్ని చంపబోతున్నారు."

పంతులుగారు విస్తరి ముందు నుంచి లేచి స్నో బూట్లు వెతుక్కోసాగారు.

"అయ్యో, తినకుండా వెళ్తే ఎలాగండీ!" కృష్ణకుమారికి ఏడుపొక్కటే తక్కువ. "ఏమండీ, ఆపండి ఆయన్ని!"

"విషపరీక్ష నేనే చేస్తా." పద్మనాభం ఒక ఉండ నోట్లో వేసుకున్నాడు. "ఊఁ... అనుమానించాల్సినంత బాగుంది. ఒక్క శాంపిల్ చాలదు." ఇంకోటి. మరోటి. దర్యాప్తు వేడెక్కేసరికి నమలడం మానేశాడు. ఉన్నట్టుండి కళ్లు తేలేశాడు.

పంతులుగారు ఒంటి బూటుతో పరుగెత్తుకొచ్చి వీపు మీద ఒక్కటి చరిచారు. ఉండ ఎగిరి, అప్పుడే గుమ్మంలో అడుగుపెట్టిన లూసియా కాళ్ల దగ్గర పడింది.

లూసియా పకపకా నవ్వింది. "పేరు అలాగే వచ్చిందయ్యా! పూర్వం మా ఊళ్లో ఫాదర్లు ఆబగా మింగి ఇలాగే ఉక్కిరిబిక్కిరయ్యేవాళ్లని మా అమ్మమ్మ చెప్పేది."

"కేసు సాల్వ్ చేశా!" అన్నాడు పద్మనాభం, దగ్గుల మధ్య.

పంతులుగారు బూటు విప్పి మళ్లీ కూర్చున్నారు. "అమ్మా, అవి నాకూ రెండు వడ్డించండి."

కృష్ణకుమారి డబ్బాలోకి చూసింది. సాక్ష్యం మొత్తం డిటెక్టివ్ కడుపులో ఉంది. సిగ్గుతో పులిహోర వడ్డించింది. పంతులుగారు తృప్తిగా తిని మారు అడిగాక గానీ ఆవిడ ప్రాణం కుదుటపడలేదు.

"నా వల్లే బతికారు," అంటూ పద్మనాభం ఆశీర్వాదానికి వంగాడు.

పంతులుగారు అక్షతలు వేశారు. "దీర్ఘాయుష్మాన్ భవ," అని, ఖాళీ డబ్బా వైపు చూసి, "నమిలి తింటే," అన్నారు.