కాగితం బిర్యానీ తినదు

గుడియాత్తంలో మా వీధికి వచ్చి వినోదిని ఇల్లెక్కడ అని అడగండి. "ఎవరు, ముక్కు వినోదినా?" అని మిమ్మల్నే ఎదురు అడుగుతారు. తప్పుగా అనుకోకండి, అది తిట్టు కాదు, బిరుదు. ఆవిడ మా వదిన. ముందరింట్లో బియ్యం ఏరుకుంటూ కూర్చుని, వెనక మగ్గాల కొట్టంలో గంజి పులిసిందని చెప్పేస్తుంది. పక్కింటి ఏళుమలై కాఫీలో పాలు విరిగిన సంగతి ఏళుమలై కన్నా ముందు ఆవిడకే తెలుస్తుంది.

అలాంటి ముక్కును బురిడీ కొట్టించాలని బయలుదేరిన మహానుభావుడు ఒకాయన ఉన్నాడు. ఆయన మా అన్న లోగనాథన్. ఆవిడ మొగుడే.

మా అన్నకు పెరుమాళ్ళంటే భక్తి, బిర్యానీ అంటే ప్రాణం. మిగతా నెలల్లో ఈ రెండింటికీ తగాదా లేదు. దసరా రోజుల్లో వచ్చే పెరటాసి నెలతోనే చిక్కు. ఆ నెలంతా మా ఇళ్ళలో మాంసం ముట్టరు. శనివారం పెరుమాళ్ళకు తళిగ వేస్తారు. పులిహోర, పెరుగన్నం, చక్కెర పొంగలి, వడలు ఆకుమీద రాసులుగా పోసి, పిండి దీపం వెలిగించి, ఇంటి యజమాని గోవిందా అంటే చుట్టాలంతా గోవిందా అంటారు. నిరుడు మా అన్న కళ్ళు మూసుకుని ఎంతో భక్తిగా గోవిందా అన్నప్పుడు, ఆయన మీసం మీద పచ్చటి మెతుకు ఒకటి వేలాడుతోంది. అది పులిహోర మెతుకు కాదు. అంత పొడుగు బియ్యం మా ఇంట్లో వండరు.

మా అమ్మ పొన్నమ్మ అది చూసింది. ఆ రోజు నుంచి ఒకటే పట్టు. తళిగ ఇక ఈ ఇంట్లో వద్దు, వేలూరులో ఉన్న మా అక్క మోహన ఇంటికి మార్చేయాలని. ఇంటి కోడలికి ఇంతకన్నా తలవంపు ఏముంటుంది చెప్పండి? ఈ ఏడు పెరటాసి పుట్టగానే వదిన వెళ్ళి అత్తగారి ముందు నిలబడింది.

"ఈ తూరి ఆయన ముట్టడత్తా. నాది పూచీ. ముట్టినాడని తెలిస్తే తళిగ గిన్నెలు నేనే మోసుకొనిపోయి మోహన ఇంట్లో పెట్టి వస్తా."

మా అన్న కళ్ళు చెమర్చాయి. తన తరఫున ఇంత పెద్ద మాట ఇచ్చినవాళ్ళు ఎవరూ లేరు. ఆ తడి ఆరకముందే ఆయన పథకం వేశాడు.

సరుకు పని మీద అన్నా నేనూ వేలూరు వెళ్ళాం. దారిలో నన్ను ఒక సెంట్ల అంగడిలోకి లాక్కుపోయాడు. అంగడాయన ముఖేష్ కాగితపు ముక్క మీద చుక్క వేసి ఇచ్చాడు. అన్న పీల్చి కళ్ళు మూసుకున్నాడు.

"రేయ్ రాజా! మల్లెపూలు, గంధం, కొత్త వాన... అన్నీ ఉండాయిరా దీంట్లో!"

"కాగితాన్ని నమ్మొద్దు సార్," అన్నాడు ముఖేష్. "చేతిమీద కొంచెం పూసుకోండి. పోయి టీ తాగి వచ్చి మళ్ళీ వాసన చూడండి."

"టీ వొద్దప్పా. కాగితమే చెప్తా ఉండాది కదా!"

"నీకెందుకన్నా సెంటు?" అన్నాను నేను.

"నాకు కాదురా. మీ వదిన ముక్కుకి తాళం."

తళిగకు ముందు రోజు, శుక్రవారం, పేర్ణాంబట్టులో అంగడికి లుంగీల మూట అప్పజెప్పి, పక్క సందులో బిర్యానీకి కూర్చున్నాడు. నేను వద్దన్నాను. చాలా గట్టిగా వద్దన్నాను. నా ప్లేటు ఖాళీ అయ్యేదాకా వద్దంటూనే ఉన్నాను.

చెయ్యి కడుక్కుని అన్న సీసా తీశాడు. పొద్దుటినుంచి అది చొక్కా జేబులో ఎండకు ఉడుకుతోంది. ఆయన ఒంటిమీద అప్పటికే మగ్గం గంజి ఉంది, తలకు కొబ్బరినూనె ఉంది, చెమట ఉంది, వేళ్ళకు నెయ్యి ఉంది. వాటికి తోడు ఆ ఊరి తోళ్ళ కార్ఖానాల గాలి. వీటన్నిటి మీద మెడకు, చంకలకు, మీసానికి సెంటు కొట్టాడు. మల్లెపూలు ఒక్క క్షణం పూశాయి. తర్వాత వాటికి ఏమైందో నేను చెప్పలేను.

"వాసన వస్తా ఉండాదా?"

"వస్తా ఉండాదన్నా. చాలు."

"నాకు రాలేదే! గాలికి పోయినట్టుండాది."

మళ్ళీ కొట్టాడు. తన వాసనకు తన ముక్కు అలవాటు పడిపోయిందని ఆయనకు తట్టలేదు. ఆయనకు తెలియకపోయే కొద్దీ మాకు ఎక్కువ తెలిసింది.

పేర్ణాంబట్టు బస్సులో మాకు ఏనాడూ సీటు దొరికింది లేదు. ఆ రోజు దొరికింది. ముందు సీటు, వెనక సీటు కూడా దొరికాయి. కండక్టరు టికెట్టు చెయ్యి బారుగా చాపి ఇచ్చాడు.

"ఎన్న సార్, సంచిలో పచ్చి తోలా?"

"సెంటు!" అన్నాడు అన్న గర్వంగా.

ఇంటి గడప దాటామో లేదో అమ్మ ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకుని లేచింది. "అయ్యో సామీ! యాడో ఏదో చచ్చిందే! రేపు తళిగ పెట్టుకొని ఇదేం కర్మ! ఎలుకేమో చూడండిరా!"

అన్న ముఖం వెలిగింది. అమ్మకు బిర్యానీ వాసన తగల్లేదు, తగిలింది ఎలుక. ఇంతకన్నా ఏం కావాలి? టార్చిలైటు పట్టుకుని వెతుకులాటకు తనే నాయకుడయ్యాడు.

"బీరువా ఎనక ఉండాది!" అన్నాడు అమ్మ కేకకు వచ్చిన ఏళుమలై. అన్న అప్పుడు బీరువా వెనకే ఉన్నాడు.

"కాదు, మగ్గం గుంటలో!" అంది అమ్మ. అన్న అప్పుడే గుంటలోకి దిగాడు.

"ఇప్పుడు అటక మీదికి పోయిందే! ఎంత చురుకైన ఎలుకప్పా!" అన్నాడు ఏళుమలై, అన్న నిచ్చెన ఎక్కగానే.

చచ్చిన ఎలుక ఇంత చురుగ్గా ఎలా తిరుగుతుందని ఎవరూ అడగలేదు. సామాన్లన్నీ వీధిలోకి వచ్చాయి. నూలు చిలపలు వచ్చాయి, ఊయల బల్ల వచ్చింది, ఆఖరికి బియ్యం డ్రమ్ము వచ్చింది. ఏళుమలై తన పిల్లిని తెచ్చి వదిలాడు. అది అన్న దాకా వచ్చి, ఒకసారి తుమ్మి, గోడ దూకి వెళ్ళిపోయింది.

ఇంత గందరగోళంలోనూ వదిన చింతపండు పిసుకుతూనే ఉంది. తీరిగ్గా చెయ్యి కడుక్కుని, అన్న చుట్టూ ఒక్కసారి తిరిగింది. అంతే.

"ఎలుక దొరికిందత్తా. నేను చూసుకుంటా. మీరు సామాన్లు లోపల పెట్టించండి," అని అన్నను పెరట్లోకి నడిపించింది. నేను నీళ్ళు తోడే వంకతో వెనకే వెళ్ళాను.

"ఏమప్పా, బిర్యానీ బాగుండిందా?"

"ఏ... ఏ బిర్యానీ? ఇది సెంటు వినోదినీ! కాగితం మీద ఎంత బాగుండిందో తెలుసా? అంగడోడు మోసం చేసినాడు!"

"వాడేం మోసం చేసినాడు? కాగితానికి చెమట పట్టదు. కాగితం తలకు నూనె రాసుకోదు. కాగితం బిర్యానీ తినదు. అందుకే దానిమీద సెంటు సెంటు మాదిరి ఉండింది. నీ ఒంటి వేడికి పైన ఉండే మల్లెపూలు ఎప్పుడో ఎగిరి పాయ. అడుగున ఉండే గాటు మిగిలి, నీ నెయ్యితో, లవంగాలతో కూడుకొనింది. వాడు సీసా అమ్మినాడు, మిగిలిందంతా నువ్వు కలిపినావు."

"సెంటు కొట్టకుండా వచ్చింటే తెలిసుండదా?" అన్న గొంతులో ఇంకా ఆశ.

"తెలిసుండేది. కానీ వీధిలో సామాన్లు ఉండవు."

వదిన గొంతు తగ్గింది. "నిన్ను నమ్మి అత్త ముందర మాట ఇచ్చినా కదప్పా. ఇప్పుడు ఆ గిన్నెలు ఎత్తుకొని నేను యాడికి పోయేది?"

ఆ మాటకు అన్న నిజంగానే చితికిపోయాడు. నా ఖాళీ ప్లేటు గుర్తొచ్చి నేను నిండిన బిందెలోకే ఇంకో చేద పోశాను.

ఇంతలో అమ్మ పెరటి గుమ్మంలోకి వచ్చింది. "ఏందే గుసగుస? వీడు ముట్టలేదు కదా?"

అన్న టార్చిలైటు జారవిడిచాడు. వదిన మాత్రం కొంగు సర్దుకుని తాపీగా చెప్పింది. "అత్తా, రేపు తళిగ ఆయన ముట్టడు. దీపం మీ చేత్తోనే పెట్టండి. పెద్దోళ్ళు మీరుండగా మాకెందుకు?"

ఇన్నేళ్ళలో అమ్మను దీపం పెట్టమని అడిగినవాళ్ళు లేరు. ఆవిడ ముఖం విచ్చుకుంది. "మరి వాడు?"

"ఆయన చెంబు పట్టుకొని, నామం పెట్టుకొని, గోవిందా అంటా వీధి వీధీ బియ్యం అడుక్కొని వస్తాడు. పెద్ద మొక్కు మొక్కుకుంటా ఉండాడత్తా. పెరటాసి ఒక్క నెల చాలదంట. దీపావళికి గూడా ముట్టడంట. సంక్రాంతికి తై నెల పుట్టేదాకా."

దీపావళి పొద్దున ఇడ్లీలోకి మటన్ కొళంబు లేని ఇల్లు మా వైపు ఉండదు. అన్న గొంతులోంచి ఒక చిన్న శబ్దం వచ్చింది. అమ్మ దాన్ని భక్తి అనుకుంది.

"నా బంగారు నాయనా!" అంటూ ఒక చేత్తో ముక్కు మూసుకుని, రెండో చేత్తో కొడుకును కావలించుకుంది.

నేను వదిననే చూస్తూ ఉండిపోయాను. ముట్టలేదని అబద్ధం చెప్పలేదు. తళిగ ఇంట్లోనే ఉంది, అందులో అన్న చెయ్యి పడలేదు, అత్తకు పెద్దరికం దక్కింది, మొగుడి పరువు మిగిలింది, శిక్షా పడింది. అదీ కొంగు సర్దుకున్నంత సేపట్లో. ఇలాంటి మనిషి మా ఇంటికి కోడలుగా రావడం మేము చేసుకున్న పుణ్యం అని మనసులోనే దండం పెట్టుకున్నాను.

దండం ఇంకా పూర్తికాలేదు. వదిన నావైపు తిరిగింది.

"అన్న ఒక్కడే ఎందుకని మరిది గూడా మొక్కుకున్నాడత్తా."

కాదని చెప్పడానికి నోరు తెరవబోయాను. తెరిస్తే ఏం వాసన వస్తుందో గుర్తొచ్చి, పెదాలు బిగబట్టుకుని తల ఊపాను.