చింతపండు రెజిమెంటులో ఆఖరి పంక్తి

"ఈ రోజు నుంచి మనది కార్పొరేషన్ కాదు, రెజిమెంటు. మీరు ఉద్యోగులు కారు, జవాన్లు. మనం అమ్మేది చింతపండు కాదు, దేశసేవ" అని మా జనరల్ మేనేజర్ ప్రహరాజ్ గారు ప్రకటించారు. మేం చప్పట్లు కొట్టాం. కొట్టాక ఒకరి మొహాలు ఒకరం చూసుకున్నాం. దేశసేవ కిలో ఎంతకి అమ్మాలో మాలో ఎవరికీ తెలియదు.

ఒరిస్సాలో, రాయగడ ఊరవతల, బిస్సమ్ కటక్ రోడ్డు మీద, ఒక రేకుల షెడ్డూ దాని చుట్టూ పుల్లటి వాసనా ఉన్న ప్రభుత్వ సంస్థ మాది. లక్ష్మీపూర్ సంతలోనూ బిస్సమ్ కటక్ సంతలోనూ చింతపండు కొంటాం, గింజ తీయిస్తాం, మిషను కింద నొక్కి ఇటుకలు చేస్తాం, గోడౌన్‌లో పేరుస్తాం. అమ్మడం అనే అయిదో పని కూడా ఒకటుందని ఆడిటర్లు ఏటా గుర్తు చేసి పోతుంటారు. నేనక్కడ టైపిస్టుని. నా పేరు మూర్తి. పెద్దవాళ్ల గొప్పతనాన్ని మరీ దగ్గర్నుంచి చూసే భాగ్యం టైపిస్టుకి ఉన్నంతగా ఇంకెవరికీ ఉండదు కనక, పత్రికా పాఠకుల మేలు కోరి ఈ నాలుగు ముక్కలూ రాస్తున్నాను.

అది బంగ్లా యుద్ధం గెలిచిన మరుసటేడు. దేశంలో ప్రతివాడికీ సైన్యం మీద ప్రేమ పుట్టుకొచ్చిన రోజులు. మా శాఖ మంత్రిగారికీ పుట్టింది. "యుద్ధం గెలిచిన దేశం చింతపండు అమ్ముకోలేదా?" అని ఆయన భువనేశ్వర్‌లో బల్ల గుద్దారు. ఆ గుద్దు రాయగడకి వినిపించింది. వారం తిరక్కుండా మాకు లీడర్‌షిప్పూ టీమ్‌వర్కూ నేర్పడానికి మేజర్ వరాహనరసింహం గారు వచ్చారు. విజయనగరం మనిషి, సైన్యంలో రిటైరయ్యారు. ముందు ఆయన మీసం జీపు దిగింది, తర్వాత ఆయన దిగారు.

మొదటి పాఠం, 'నాయకుడు అందరికంటే ముందు నడుస్తాడు.' మర్నాడు పొద్దున్న గేటు దగ్గర స్టోర్స్ భీమారావూ డిస్పాచ్ శంకరరావూ ఒకేసారి ముందు నడవబోయి ఇద్దరూ గేట్లో ఇరుక్కున్నారు. మిగతా స్టాఫంతా కలిసి వెనక నుంచి తోస్తే గాని ఊడిరాలేదు. "దీన్నే టీమ్ స్పిరిట్ అంటారు" అని మేజర్ గారు ఆనందించారు.

రెండో పాఠం, 'మన బలమెంతో బయటివాడికి తెలియకూడదు.' ఆ వారమే పార్వతీపురం నుంచి ఒక వర్తకుడు లారీ వేసుకుని చింతపండు కొనడానికి వచ్చాడు. సరుకుందా అని అడిగితే ఎవరూ ఉందనలేదు, లేదనలేదు. శంకరరావునైతే గెడ్డం పట్టుకుని బతిమాలాడు. శంకరరావు అటెన్షన్‌లో నిలబడి కొండల్లోకి చూశాడు. వర్తకుడు ఖాళీ లారీ తోలుకుని పోయాడు. ప్రహరాజ్ గారు ఈ విజయం గురించి మంత్రిగారికి టెలిగ్రాం ఇచ్చారు.

మూడో పాఠం, 'నాయకుడు అందరికంటే చివర తింటాడు.' నా కథంతా దీంతోనే.

"ఫ్రంట్‌లో జవాను తినేదాకా ఆఫీసరు ముద్ద ముట్టడు. ఎవడు చివర తింటాడో వాడు లీడరు. ఎవడు ముందు తింటాడో వాడు ఉత్త ఫాలోయరు" అన్నారు మేజర్ గారు. ప్రహరాజ్ గారికి ఈ మాట ఎంత నచ్చిందంటే, ఖాళీగా ఉన్న ఫోర్‌మన్ పోస్టుకి ఇంటర్వ్యూ రద్దు చేసేశారు. వార్షికోత్సవం నాడు విందులో ఎవరు చివర తింటే వాళ్లే ఫోర్‌మన్ అని ఆర్డరు వేయించారు. టైపు చేసింది నేనే.

ఆ పోస్టు నా పక్కింటి కూర్మారావుది కావాలి. మిషను దగ్గర ఎన్నో ఏళ్లుగా అతను ఫోర్‌మన్ కాకుండానే ఫోర్‌మన్ పని చేస్తున్నాడు. ఫోర్‌మన్‌కిచ్చే క్వార్టరు కాలనీలో తాళం వేసి ఉంది. దాంట్లో కుళాయి ఉంది. మా వరస ఇళ్లకి కుళాయిల్లేవు. అతని భార్య సత్యభామ గట్టు దిగి వాగు దాకా పోయి బిందెలతో మోసుకొస్తుంది. ఆమెకప్పటికి ఆరో నెల. నిండు బిందెతో ఆ గట్టు ఎక్కుతుంటే చూడడానికి నాకే భయంగా ఉండేది.

"అన్నయ్యా, మా ఆయనకి ఆకలికి ఆగడం బాగా అలవాటే. ఈ పాలి కుళాయి మనదేనంటారా?" అని సత్యభామ నన్నడిగింది.

"మనదేనమ్మా" అన్నాను.

వార్షికోత్సవం రోజు పొద్దున్న మేజర్ గారు నలుగురు అభ్యర్థుల్నీ హాజరు పిలిచారు. కూర్మారావు, భీమారావు, శంకరరావు పలికారు. నాలుగో పేరు టుకునా బాబు. మంత్రిగారి బావమరిది. ఆయన అసలు పేరేమిటో ఎవరికీ తెలియదు, ఆయన్ని మా షెడ్డులో చూసినవాళ్లూ లేరు. భువనేశ్వర్‌లో ఉండి అప్లికేషన్ పంపారు. మేజర్ గారు మూడుసార్లు పిలిచారు. జవాబు లేదు.

"ఆబ్సెంట్! సైన్యంలో అయితే కోర్టుమార్షల్ చేసేవాళ్లం" అని గర్జించి ఆ పేరు కొట్టేశారు. మాకందరికీ న్యాయం మీద ఒక్కసారిగా గురి కుదిరింది.

విందుకి మా క్యాంటీన్ అప్పలకొండమ్మ పులిహోర కలిపింది. అమ్ముడుపోని చింతపండుకి అంతకంటే సద్గతి లేదు. గుమ్మడికాయ పులుసు, గారెలు, ప్రహరాజ్ గారి కోసం దాల్మా అనే ఒరియా పప్పుకూర, అందరికీ పాయసం. షెడ్డులో పొడుగ్గా అడ్డాకు విస్తళ్లు వేసింది. మొదటి పంక్తికి పిలిచింది. ఒక్కడూ కూచోలేదు.

అభ్యర్థులు కూచోరు, సరే. కాని మిగతా స్టాఫు కూడా గోడకి వీపులానించి నిలబడ్డారు. జీఎం గారు చూస్తుండగా ఉత్త ఫాలోయరని అనిపించుకోవడానికి ఎవడికి మనసొప్పుతుంది? రేపు ఇంక్రిమెంట్లున్నాయి. "ముందు మీరు కూచోండి" అంటే "అబ్బే, మీరే" అనుకున్నారు. మా మధ్య అంత మర్యాద నేనెప్పుడూ చూడలేదు.

అప్పలకొండమ్మ గరిటె పట్టుకుని వచ్చింది. "ఏటి బాబూ, ఆకులేసీసి ఎంతసేపయ్యింది! గారెలు కర్రల్లాగయిపోతన్నాయి. ఒక్కలూ కూకోరేటి? సావు బోజనమనుకున్నారేటి?"

"అమ్మా, ఇది లీడర్‌షిప్" అన్నారు మేజర్ గారు.

"ఏదయితే నాకేటి బాబూ, ఈగలు ముసిరీస్తన్నాయి."

ఇంతలో ప్రహరాజ్ గారి చూపు షెడ్డు బయటికి పోయింది. చింతపండు గింజ తీసే రోజుకూలీ ఆడవాళ్లు అక్కడ గోనెల మీద కూచుని ఉన్నారు. ఏ విందులోనైనా వాళ్లది ఆఖరి పంక్తి. అందరూ లేచాక మిగిలింది వాళ్లకి పెట్టడం సంస్థ పుట్టినప్పటి నుంచీ ఆచారం. ప్రహరాజ్ గారి మొహం పాలిపోయింది. మేజర్ గారి చెవిలో గొణిగారు. నేను పక్కనే ఉన్నాను కనక విన్నాను.

"మేజర్ సాబ్, చివర తినేవాళ్లు లీడర్లయితే, వీళ్లు?"

మేజర్ గారు మీసం దువ్వారు. "టెక్నికల్‌గా... అవును."

"అంటే ఫోర్‌మన్ పోస్టు వీళ్లలో ఒకరికా?"

"ముందు వాళ్లకి వడ్డించెయ్యండి. అర్జెంట్!"

జనరల్ మేనేజర్ గారు స్వయంగా బయటికి పరిగెత్తి, చేతులు జోడించి, రోజుకూలీలని లోపలికి పిలిచారు. ఇలాంటి సమానత్వం గురించి ఉపన్యాసాల్లో వినడమే గాని కళ్లతో చూడడం నాకదే మొదలు. వాళ్లలో పెద్దది గురువమ్మ గుమ్మం దగ్గర ఆగిపోయింది.

"ముందు బంతిలో కూకోమంతన్నారేటి బాబూ? మేం ఆకర్నే కదేటి తింతాం?"

"అదే కూడదు. కూచోండి, కూచోండి!" అన్నారు ప్రహరాజ్ గారు.

కూచున్నారు. పొద్దున్నుంచీ గింజ తీసినవాళ్లు, శుభ్రంగా తిన్నారు. పులిహోర అయిపోయింది, గారెలు అయిపోయాయి, పాయసం అయిపోయింది. ప్రహరాజ్ గారి దాల్మా కూడా పిల్లలున్న తల్లులు గిన్నెల్లో పట్టుకుపోయారు. గురువమ్మ చెయ్యి కడుక్కుని మేజర్ గారికి దణ్ణం పెట్టింది. "ఇలాటి సైన్యం నెలకోపాలొచ్చినా మాకు కట్టం లేదు బాబూ."

అప్పలకొండమ్మ డేగిసా బోర్లించి చూపించింది. స్టాఫంతా లీడర్లుగానే ఇళ్లకి పోయి, తలుపులేసుకుని తిన్నారు. అభ్యర్థులు ముగ్గురూ మిగిలారు.

"ముట్టడి! ఇక్కణ్ణించి కదలకూడదు. ఎవరు చివరిదాకా నిలబడతారో చూస్తాను" అన్నారు మేజర్ గారు. ఆయన మాత్రం ముట్టడిలో లేరు. గెస్ట్‌హౌస్‌లో ఆయనకి కోడికూర ఉంది. శిక్షణ ఇచ్చేవాడు బలంగా ఉండాలి.

భీమారావు సాయంత్రానికే పడిపోయాడు. స్టోర్స్ మనిషి కదా, జేబులో శాంపిల్ చింతపండు ఉంది. దవడ కదులుతుంటే మేజర్ గారు నోరు తెరవమన్నారు. నాలిక మీద ఈనె దొరికింది. శంకరరావు దీపాలు పెట్టే వేళకి లేచి, మడమలు కొట్టి సెల్యూట్ చేశాడు.

"సార్, నాకా పోస్టు వొద్దండి. మా ఇంట్లో చేపల పులుసండి" అన్నాడు.

"గౌరవప్రదమైన సరెండర్" అని మేజర్ గారు అతని భుజం తట్టి పంపించారు.

కూర్మారావు మిషను పక్కన స్టూలు మీద కూచునే తెల్లవార్చాడు.

పొద్దున్నే కాలనీ అంతా షెడ్డులో మూగింది. మేజర్ గారు కూర్మారావు చెయ్యి పట్టుకుని పైకెత్తారు. "లీడరంటే వీడూ!" అన్నారు. సత్యభామ గిన్నెలో మజ్జిగ పోసిన చద్దన్నం, ఉల్లిపాయ, ఆవకాయ తెచ్చింది. గిన్నె ఆమే పట్టుకుంది. అతను ఒక్కో ముద్దా మింగుతుంటే మేం చప్పట్లు కొట్టాం. ఈసారి మొహాలు చూసుకోలేదు. నా కళ్లు తడిశాయి, చెప్పడానికి సిగ్గేమీ లేదు. టైపు మిషను మీద కాయితం పెట్టి ఆర్డరు కొట్టాను. కూర్మారావు పేరు పూర్తిగా, ఇంటిపేరుతో సహా కొట్టాను. ప్రహరాజ్ గారు సంతకానికి పెన్ను మూత తీశారు.

అప్పుడు స్టేషన్ వైపు నుంచి మా జీపు వచ్చింది.

అందులోంచి నల్లకళ్లద్దాలు పెట్టుకున్న ఒక కుర్రవాడు దిగాడు. చేతిలో గారెల పొట్లం, నోట్లో గారె. ప్రహరాజ్ గారు పెన్ను అలాగే పట్టుకుని ఎదురు పరిగెత్తారు. "టుకునా బాబూ! ఆసంతు, ఆసంతు!" అని లోపలికి పిలిచారు. తిన్నగా క్యాంటీన్‌లోకి తీసుకుపోయారు. అప్పలకొండమ్మ పూరీలు వేసింది. టుకునా బాబు తిన్నారు. మళ్లీ వేసింది. మళ్లీ తిన్నారు. మేజర్ గారు గుమ్మంలో నిలబడి ఆ దృశ్యాన్ని చాలాసేపు తీక్షణంగా చూసి, నా బల్ల దగ్గరికి వచ్చారు.

"మూర్తీ, చివర తిన్నదెవరు?"

"కూర్మారావండి."

"కూర్మారావు తిన్న తర్వాత ఇంకెవరూ తినలేదా?"

కూర్మారావు లేచి నిలబడ్డాడు.

"సార్, ఆయన నిన్న హాజరే లేరు కదండీ. మీరే పేరు కొట్టేసేరు."

"హాజరు లేడు. కాబట్టి నిన్నటి విందు భోజనం కూడా చెయ్యలేదు. ఇంతకంటే త్యాగం ఏం కావాలయ్యా?"

"మరి ఆయన చేతిలో గారెల పొట్లమండి? దార్లో తింటానే వచ్చేరు కదండీ?"

"ఆ గారెలెక్కడివి?"

జీపు డ్రైవరు చెప్పాడు. "పార్వతీపురం స్టేషన్లో కొన్నారట సార్."

"పార్వతీపురం ఏ రాష్ట్రం?"

"ఆంధ్రా అండి."

"అయితే మన జ్యూరిస్‌డిక్షన్ కాదు."

కూర్మారావు ఒకడుగు ముందుకేశాడు. "సార్, అయితే మద్దేనం నాను మళ్లీ తింతానండి. అప్పుడు నానే కదండీ ఆకర్న?"

మేజర్ గారు అతని కేసి మెచ్చుకోలుగా చూశారు. "స్ట్రాటజీ బాగుంది. కాని మధ్యాహ్నానికి యుద్ధం లేదు. ఇప్పుడే కాల్పుల విరమణ ప్రకటిస్తున్నాను."

నేను రబ్బరుతో కూర్మారావు పేరు చెరిపి అదే జాగాలో టుకునా బాబు పేరు కొట్టాను. పేరు పొట్టిది. జాగా చాలా మిగిలిపోయింది.

కొత్త ఫోర్‌మన్ గారు తాళంచెవి తీసుకుని క్వార్టరు చూడ్డానికి వెళ్లారు. కుళాయి తిప్పి చూశారు. అది నీళ్లొచ్చే వేళ కాదు. తిప్పింది తిప్పినట్టే వదిలేసి, తాళం వేసుకుని, చెవి జేబులో పెట్టుకుని, సెలవు చీటీ నాకిచ్చి సాయంత్రం బండికే భువనేశ్వర్ వెళ్లిపోయారు. కూర్మారావు ఎప్పట్లాగే మిషను దగ్గర ఫోర్‌మన్ పని చేస్తున్నాడు.

మర్నాడు పొద్దున్న నేను అటుగా వస్తుంటే సత్యభామ ఖాళీ బిందెతో ఆ తాళం వేసిన తలుపు ముందు నిలబడి ఉంది. లోపల కుళాయి ధారగా పారుతోంది. తలుపు కిందినుంచి నీళ్లు వచ్చి, మెట్లు దిగి, మట్టిలో కలిసిపోతున్నాయి. అప్పుడే మేజర్ గారు నిక్కరూ కాన్వాసు బూట్లూ వేసుకుని పొద్దుటి పరుగులో అటు వచ్చారు. నీళ్లు చూసి ఆగారు.

"వేస్టేజ్! ఎవరిదీ నిర్లక్ష్యం?"

"మేజరు గారూ, కూడంటే ఆకర్న తినాలన్నారు. నీలైనా ముందు తాగొచ్చునేటి బాబూ, లేపోతే అవీ ఆకర్నేనా?" అని అడిగింది సత్యభామ.

మేజర్ గారు వాచీ చూసుకుని పరుగందుకున్నారు. సత్యభామ బిందె చంకనెత్తుకుని, మెట్ల మీద పారుతున్న నీళ్లు తొక్కకుండా పక్కనించి తప్పుకుని, గట్టు దిగి వాగు వైపు నడిచింది.