కవిగారి తేమ శాతం

రాజాం పట్టణ ప్రజలకు, ముఖ్యంగా కవిత్వం రాసే ఉద్దేశం ఉన్నవారికి, సంయుక్త కార్యదర్శిగా నేను తెలియజేయునది ఏమనగా: మద్యం సేవించనివారి కవితలను మన సాహితీ సమితి స్వీకరించదు. ఇది ఏకగ్రీవ తీర్మానం. వ్యతిరేకించాల్సిన సభ్యులు ఆ సమయానికి లేచి నిలబడే స్థితిలో లేరు.

దీనికి శాస్త్రీయమైన ఆధారం మా అధ్యక్షులు గణపతిరావుగారే. ఆయన ముప్పై ఏళ్లుగా ధాన్యం వ్యాపారి. గింజను పంటి కింద పెట్టి కొరికి, తేమ ఎంతుందో యంత్రం కన్నా ముందే చెప్పేస్తారు. ఆ విద్యనే సాహిత్యానికీ విస్తరించారు. వేదిక ఎక్కే ముందు కవి ఆయన ఎదుట నోరు తెరవాలి. ఆయన వాసన చూసి తేమ శాతం ప్రకటిస్తారు. తేమ ఎక్కువైతే ధాన్యాన్ని తిప్పి పంపుతారు, తక్కువైతే కవిని తిప్పి పంపుతారు. ఆయన మాత్రం షుగరు వల్ల మజ్జిగే తాగుతారు. న్యాయనిర్ణేత నిష్పాక్షికంగా ఉండాలి కదా!

మా సిద్ధాంతానికి సజీవ నిదర్శనం జానకిరామయ్యగారు, రిటైరైన తెలుగు మాస్టారు. ఆరేళ్ల కిందట ఆయన వేసిన ఒకే ఒక్క పుస్తకం జిల్లా దాటి పేరు తెచ్చుకుంది. ఆ సన్మానం రోజునే మేం ఆయనకు జీవితంలో మొదటి గ్లాసు అందించాం. అప్పటినుంచి ఆయన ఒక్క పాదం రాయలేదు. లోపల అంతగా ఊరుతోందన్నమాట. “పుస్తకం ముందు, గ్లాసు తరవాత కదండీ?” అని విశాలి అనే కాలేజీ అమ్మాయి అడిగింది. కళకు తేదీలు ఉండవని అధ్యక్షులు గదమాయించి కూర్చోబెట్టారు.

ఈ వేసవిలో విశాఖలో ఓ డాక్టరు మాస్టారి కాలేయం చూసి, ఇంకొక్క గ్లాసు పడితే మనిషి దక్కడన్నాడు. డాక్టర్లకు కవిత్వం ఏం తెలుస్తుంది? మాస్టారు భయపడి మానేశారు. మానేసిన మూడో నెలలో, ఆరేళ్ల తరవాత, ఒక కవిత రాశారు. కళింగపట్నం ఒడ్డున చేపలు ఎండబెట్టుకునే జగ్గమ్మ మీద. దాన్ని పట్టుకుని పసిపిల్లాడిలా సంబరపడుతూ సమితికి వచ్చారు.

గణపతిరావుగారు వాసన చూసి మొహం చిట్లించారు.

“ఏటి మాస్టారూ, సుక్క పడ్నేదా? ఇలాటిది సదివిస్తే మా పరువేటయిపోద్ది?”

మాస్టారు కాగితం మడిచి జేబులో పెట్టుకుని వెళ్లిపోయారు. మూడు రోజులు అన్నం సహించలేదట. నాలుగో రోజు, “ఒక్క గ్లాసు తాగితే చదవనిస్తారే,” అన్నారట భార్య శ్యామలాంబగారితో.

తరవాతి ఆదివారం ఆవిడే ఆయన్ని సభకు తీసుకొచ్చారు. మాస్టారి కండువా గుప్పుమంటోంది. నోరు తెరిపించే అవసరం కూడా రాలేదు. అధ్యక్షులు గుమ్మం దగ్గరే మురిసిపోయి, “సెబాసు! నూటికి తొంభై!” అని ప్రకటించారు. మాస్టారు ఆ కవితే చదివారు. అక్షరం మారలేదు. హాలు దద్దరిల్లింది. నేనైతే కళ్లు తుడుచుకున్నాను. అధ్యక్షులు శాలువా కప్పుతూ, “సూసినారా! మందు పడకపోతే ఇలాటి కవిత్వం వస్తాదా?” అని ఉపన్యసించారు.

అప్పుడు శ్యామలాంబగారు లేచారు.

“ఈయన నోట్లోకి చుక్క పోలేదు బాబూ. కండువా మీద నేనే పోశాను. పోయిన వారం మీరు తిప్పి పంపింది ఈ కవితనే. బాగుందని ఇప్పుడు మీరే అన్నారు. ఇకనైనా నా మనిషిని నాకు వదిలెయ్యండి.”

సభ సిగ్గుపడి ఉంటుందనుకుంటున్నారా? మా సమితి సంగతి మీకు తెలియదు. అక్కడికక్కడే అత్యవసర సమావేశం జరిపాం. పునఃపరిశీలనలో ఆ కవితలో ఏడు లోపాలు బయటపడ్డాయి. చేపల ప్రస్తావన మరీ ఎండుగా ఉందని నేనే ఎనిమిదోది పట్టుకున్నాను. మాస్టారి భుజాల మీంచి శాలువా తీసి, మడతపెట్టి, అట్టపెట్టెలో పెట్టేశాం.

తరవాత గణపతిరావుగారు పెద్దమనసు చేసుకుని, ఒక గ్లాసు నింపి బల్ల మీద పెట్టారు.

“మించిపోనేదు మాస్టారూ. ఒక్క గుక్కేసి మళ్లీ సదవండి. శాలువా ఎక్కడికీ పోదు, ఇక్కడే ఉంటాది.”

శ్యామలాంబగారు భర్త చెయ్యి గట్టిగా పట్టుకున్నారు. మాస్టారు గ్లాసు వైపు చూశారు. వద్దని ఒక్కరం కూడా అనలేదు. చప్పట్లకు చేతులు సిద్ధం చేసుకుని కూర్చున్నాం. మూడో వరుసలో మిమ్మల్నీ చూశాను.