పౌండురంగం గారి ఇరవై ఆరు నోటుబుక్కులు

ఆ గురువారం పొద్దున్న ఇంగ్లండులోని స్విండన్‌లో పాండురంగం పెట్టుకున్న పనులు మూడే. కాఫీ తాగడం, ఆ రోజు పౌండుకి ఎన్ని రూపాయలో నోటుబుక్కులో రాయడం, పదకొండింటికి కేంబ్రిడ్జ్ నుంచి వచ్చే మనస్విని ముందు ఇరవై ఆరేళ్ళ నోటుబుక్కులు పరిచి పొగిడించుకోవడం.

1999 డిసెంబరులో ఈ దేశంలో దిగిన నాటి నుంచి పౌండు రేటు రాయని రోజు ఆయన జీవితంలో లేదు. నూట రెండు జ్వరంలో రాశాడు. కూతురు పుట్టిన రోజు, పేరు ఆలోచించక ముందే రేటు రాశాడు. అందుకే ఊళ్ళో తెలుగువాళ్ళకి ఆయన పాండురంగం కాదు, పౌండురంగం. ఇంటికి డబ్బు పంపాలనుకున్నవాళ్ళు ఫోన్ చూసేముందు ఆయన ముఖం చూసేవారు. ఇక గుణకారం ఆయన గుణం. షాపులో ఏ వస్తువు చూసినా ధరని రూపాయల్లోకి గుణించి, గుండె పట్టుకుని, వస్తువుని ఉన్నచోటే పెట్టి వచ్చేవాడు.

మనస్విని కరీంనగర్ నుంచి వచ్చి మాస్టర్స్ చదువుతున్న అమ్మాయి. ఫోన్లో స్పష్టంగానే చెప్పింది. "రేట్లు నెట్‌ల దొరుకుతయ్ అంకుల్. ఆ రేటు చూసి ఇంట్ల ఏం జరిగిందో అది యాడా దొరుకుతలేదు. నా థీసిస్ అదే. మీ పేరు గూడ పెడ్త." ఇందులో పాండురంగం చెవికెక్కింది చివరి ముక్క ఒక్కటే.

"ఏవండీ, టేబుల్ మీంచి ఈ కొండ తీస్తారా? ఆ పిల్లకి ఇడ్లీ ఎక్కడ పెట్టను, మీ రెండు వేల ఎనిమిది మీదా?" అంది ప్రభావతి.

"ఎక్కడ సర్దమంటావ్?"

"మొన్న శనివారం మూత డబ్బా చూపించానుగా. పదిహేను పౌండ్లు."

"పదిహేను! పౌండు నూట పద్దెనిమిది! పదిహేడు వందల డెబ్బై రూపాయలు పోసి ప్లాస్టిక్కా!"

వీధి గుమ్మం పక్కన కౌన్సిల్ వాళ్ళు ఉచితంగా ఇచ్చిన గట్టి పెట్టె ఒకటి కనిపించింది. సున్నాని దేనితో గుణించినా సున్నాయే కాబట్టి ఆయనకి తెగ నచ్చింది. ఇరవై ఆరు పుస్తకాలూ అందులో వరసగా పేర్చి, దుమ్ము పడకుండా పైన పాత పేపరు కప్పి, స్నానానికి వెళ్ళాడు. అది రీసైక్లింగ్ పెట్టె అనీ, గురువారం కాగితాల లారీ వస్తుందనీ ఆ ఇంట్లో ప్రభావతికి తప్ప ఎవరికీ తెలియదు. ఆమె ప్రతి గురువారంలాగే పెట్టెని బయటికి తోసి, చట్నీకి పోపు పెట్టుకుంది.

పాండురంగం తల తుడుచుకుంటూ వచ్చేసరికి పెట్టె ఖాళీ. లారీ వీధి చివర మలుపు తిరుగుతోంది. మారకం రేట్లు పోయేసరికి మనిషికి స్మారకం పోయినంత పనైంది. ఒక చేత్తో లుంగీ పట్టుకుని, రెండో చేయి ఊపుతూ పరుగు లంకించుకున్నాడు.

ఎదురింటి తిరుపతయ్య కారు అద్దం మీద మంచు గీకుతూ ఈ దృశ్యం చూశాడు. ఆ వీధిలో పాండురంగం లుంగీ మీద పరుగెత్తడం అంతకు ముందు ఒక్కసారే జరిగింది. 2016 జూన్‌లో, బ్రెగ్జిట్ రెఫరెండం ఫలితం వచ్చిన తెల్లవారుజామున, పౌండు వంద నుంచి తొంభైల్లోకి జారిపోయినప్పుడు. ఆ రోజు నమ్మక నష్టపోయిన తిరుపతయ్య ఈసారి క్షణం ఆలోచించలేదు. తెలుగువాళ్ళ వాట్సాప్ గ్రూపులో పెట్టేశాడు: "పౌండురంగం అన్న ఉరుకుతుండు. లుంగీ మీద."

కారు తీసి వెంటపడి, ఆయన్ని ఎక్కించుకున్నాడు.

"ఎంతకు పడ్డదన్నా?"

"అంతా పోయిందయ్యా! తొంభై తొమ్మిది నుంచి సంపాదించిందంతా పోయింది! ముందు లారీ వెనకాల పోనీ!"

తొంభై తొమ్మిదిలో పౌండు డెబ్బై. మళ్ళీ అక్కడికే పడిందని తిరుపతయ్యకి అర్థమైపోయింది. లారీ ఎందుకో అడగలేదు. బ్యాంకులో డబ్బు లారీల్లో తరలిస్తున్నారనుకున్నాడు. సిగ్నల్ దగ్గర ఆగగానే గ్రూపులో రెండో కబురు పెట్టాడు: "డెబ్బై."

లారీని అందుకున్నారు గానీ, అప్పటికే కాగితమంతా దాని కడుపులో నలిగి అప్పడమైపోయింది. డ్రైవరు పాపం రెండుసార్లు సారీ చెప్పాడు.

ఇంటికొచ్చేసరికి గుమ్మంలో ఇరవై జతల చెప్పులు. హాల్లో సగం ఊరు. ఒకరు ఇల్లు కొనడం ఆపేశారు, ఒకరు నెల జీతం మొత్తం ఇండియాకి తోసేశారు. ఫోన్లో చూస్తే పౌండు నిన్న ఉన్నచోటే ఉంది గానీ, పౌండురంగం పరుగు ముందు ఫోనెంత అని ఎవరూ నమ్మలేదు. సోఫా చివర మనస్విని బిక్కుబిక్కుమంటూ కూర్చుంది.

అసలు సంగతి తెలిశాక అందరి చూపులూ తిరుపతయ్య మీదికి తిరిగాయి. ఆయన చూపు ఇడ్లీ మీదికి తిరిగింది. పాండురంగం మెట్ల మీద కూలబడ్డాడు.

"నీకేం చూపించను తల్లీ? ఇరవై ఆరేళ్ళు చిత్తు కాగితాలైపోయాయి. నా పేరు కొట్టెయ్."

వంటింట్లోంచి ప్రభావతి గరిటెతో సహా వచ్చింది. "ఏ రోజుది కావాలమ్మా?"

"ఆంటీ?"

"తొంభై తొమ్మిది డిసెంబరు, డెబ్బై. నలభై పౌండ్ల కోటు చూశాను. రెండు వేల ఎనిమిది వందలన్నారు. ఆ చలికాలమంతా రెండు చీరలు కట్టుకుని తిరిగాను. రెండు వేల ఏడు నవంబరు, ఎనభై ఒకటి. ఇరవై పౌండ్ల హెయిర్‌కట్. పదహారు వందల ఇరవై అని ఈయనే కత్తెర పట్టారు. ఆర్నెల్లు ఫొటో దిగలేదు. రెండు వేల పదమూడు ఆగస్టు ఇరవై ఎనిమిది, బుధవారం, నూట ఆరు. వేమత్ సముద్రానికి కోచ్ బస్సు టికెట్టు పన్నెండు పౌండ్లు. పన్నెండు వందల డెబ్బై రెండు పోసి ఉప్పునీళ్ళు చూడాలా అన్నారు."

మనస్విని వేళ్ళు ఫోన్ మీద పరుగెత్తాయి. "అన్నీ కరెక్టే ఆంటీ! తారీఖుతో సహా!"

"రెండు వేల పదహారు అక్టోబరు, మళ్ళీ ఎనభై ఒకటి. పడిపోయింది కదా, ఇప్పుడైనా కోటు కొనుక్కుందామంటే, 'పౌండు పడి ఏడుస్తుంటే ఖర్చా!' అన్నారు."

హాల్లో నవ్వులు లేచాయి. మూలనున్న లక్ష్మీబాయి ఆంటీ గొంతు సవరించుకుంది. "నాదీ రాస్కో బిడ్డా. మా ఇంట్ల కుట్టుమిషను, పౌండు తొంభై ఆరున్నప్పుడు." ఆమె వెనక ఇంకొకామె, ఆ వెనక ఇంకొకామె. మనస్విని ఫోన్లో చార్జింగ్ అయిపోయింది గానీ తారీఖులు అయిపోలేదు.

పాండురంగం నోరు తెరుచుకుని విన్నాడు. ఇరవై ఆరేళ్ళూ ఆయన రాసింది రేటు మాత్రమే. దాని ఖరీదు ఆమె దగ్గర ఉంది, పైసాతో సహా, ఏ లారీకీ అందకుండా. ఇంత మేధావి పక్కన ఇన్నాళ్ళు తను ఉత్త గుమస్తాగా కాపురం చేశాడన్నమాట!

"థీసిస్‌లో మరి నా పేరు?" అన్నాడు మెల్లిగా.

"ఉంటది అంకుల్. ఆంటీ కొననివన్నిటికి కారణం మీరే గద."

సాయంత్రం పాండురంగం షాపుకి నడిచి వెళ్ళి, గట్టి అట్ట ఉన్న నోటుబుక్కొకటి కొని, భక్తిగా తెచ్చి భార్య చేతిలో పెట్టాడు. "ఇక నుంచి నువ్వే రాయి ప్రభా."

ఆమె అటూ ఇటూ తిప్పి చూసింది. "ఎంత?"

"మూడు పౌండ్లు."

"మూడొందల యాభై నాలుగు రూపాయలు! తెల్లకాగితాలకా? వెనక్కి ఇచ్చేసి రండి."

ఇరవై ఆరేళ్ళలో మొట్టమొదటిసారి, పాండురంగానికి ఆ గుణకారం కాస్త అన్యాయంగా తోచింది.