శ్రీలత టైలర్స్ అడ్రసు

ఆ సోమవారం పొద్దున వనజ అనుకున్నది ఒక్కటే: బడి పిల్లల యూనిఫాంలు మధ్యాహ్నంలోపు కుట్టి పడేయాలి. మిషనుకు దారం ఎక్కిస్తుండగా కిటికీలోంచి తెల్ల కారొకటి కనిపించింది. అది ఆమె ఇల్లు దాటి, చిట్కుల్ ఊళ్లో అదే సందు చివర తోడికోడలు శ్రీలత దుకాణం ముందు ఆగింది. వారంలో అది ఆరో కారు.

వనజకు కడుపు మండింది. శ్రీలతకు కత్తెర పట్టడం నేర్పింది తనే. ఇప్పటికీ ఆమె కుట్టే జాకెట్టుకు ఒక చెయ్యి పొడుగు, ఒక చెయ్యి పొట్టి. కానీ ఫోన్ మ్యాప్‌లో దుకాణం పేరు ఎక్కించుకుని, నాలుగున్నర నక్షత్రాలు తెచ్చుకుంది. ఎక్కడో సముద్రాల అవతలున్న ఆ మ్యాప్ కంపెనీ మొదట్లో అడిగినదానికి జవాబు మాత్రమే చెప్పేది. తర్వాత దారులు చెప్పడం మొదలుపెట్టింది. ఇప్పుడు చిట్కుల్‌లో ఎవరి చేతికి గుడ్డ ఇవ్వాలో కూడా అదే చెబుతోంది. అమీన్‌పూర్ అపార్ట్‌మెంట్ల ఆడవాళ్లు దాని మాట జవదాటడం లేదు.

వనజ ఫోన్ తీసి, ఆ దుకాణానికి ఒక్క నక్షత్రం ఇచ్చి, "ఎప్పుడు పోయినా జనమే, గంట నిలవడాలె" అని రాసింది. అంత గిరాకీ ఉందంటే పని బాగుంటుందనుకున్నారో ఏమో, మరునాడు ఒక్కరోజే నాలుగు కార్లొచ్చాయి.

ఇక లాభం లేదని, అడ్రసు తప్పని ఫిర్యాదు చేసింది. మ్యాప్‌లో గుర్తును ఊరి చివర ఫ్యాక్టరీ వెనక ఖాళీ ప్లాట్లలోకి జరిపేయాలని ఆమె ఉద్దేశం. మధ్యలో ఫోన్ ఏదో అడిగితే చదవకుండా అవునని నొక్కింది. అది అడిగింది, 'దుకాణం మీరు ఇప్పుడున్న చోటేనా?' అని.

రెండు రోజులకు ఒక కారు వనజ గుమ్మం ముందే ఆగింది. అమీన్‌పూర్ నుంచి వచ్చిన రవళి అనే అమ్మాయి సంచితో దిగి, "శ్రీలత గారంటే మీరేనా?" అని అడిగింది.

కాదందామనుకునేంతలో వనజ కళ్లు సంచిలోని గుడ్డ మీద పడ్డాయి. అంత మంచి పట్టు ఆమె మిషను ఎన్నడూ ఎరగదు.

"నేనే. లోపలికి రా బిడ్డా," అంది.

ప్రాణం పెట్టి కుట్టింది. రవళి మురిసిపోయి, జాకెట్టు ఫోటో పెట్టి ఐదు నక్షత్రాలిచ్చింది, శ్రీలతకు. తర్వాత రవళి స్నేహితురాళ్లొచ్చారు, వాళ్ల అత్తలొచ్చారు. వనజ వేళ్లు కాయలు కాస్తుంటే శ్రీలత పేరు పటాన్‌చెరు దాకా పాకింది. శ్రీలత గారి చేతిలో ఏదో మహిమ ఉందని ఒకామె రాసింది చదివిన రోజు వనజ అన్నం ముట్టలేదు. గుర్తును మళ్లీ పాత చోటికే పంపబోతే, కస్టమర్లంతా ఇక్కడికే వస్తున్నారు కనుక మార్చలేమని కంపెనీ జవాబిచ్చింది.

నెల తిరిగాక ఒక సాయంత్రం శ్రీలతే వచ్చింది. గోడ పొడుగునా వేలాడుతున్న జాకెట్లను ఒక్కొక్కటే చూసింది.

"ఫోన్ల ఫోటోలు చూసినప్పుడే నీ చేతిపని గుర్తువట్టిన అక్కా," అంది శ్రీలత. ఆమె గొంతులో కోపం లేదు. "నా కాడికి ఒక్కరు రాలే. ఇగ ఊకె కూసోలేక మందుల కంపెనీల చేరిన. నీడపట్టున పని. పొద్దుగాల బస్సు ఇంటి ముందల్కే వస్తది. ఆ పేరు నువ్వే ఉంచుకో."

తప్పయిందని చెప్పడానికే వనజ నోరు తెరిచింది.

"ఆ బస్సుల ఏసీ ఉంటదా?" అని అడిగింది.