సంగీత సార్వభౌముడి కార్బన్ కాపీలు

ఎన్నో పాటలకి వరసలు కట్టిన సంగీత సార్వభౌమ కేశవరావు గారు స్వర్గస్థులైన నెలకే వారి ప్రేమలేఖలు రసికులకు అందుబాటులోకి వచ్చాయని తెలియజేయడానికి సంతోషిస్తున్నాము. లేఖలు రహస్యమైనవే. అయితే గొప్పవాళ్లు రహస్యాన్ని దాచేటప్పుడు కూడా భావితరాల సౌకర్యం చూసుకుంటారు. రాసిన ప్రతి ఉత్తరానికీ ఆయన కార్బన్ కాపీ ఉంచుకున్నారు. బీరువా సర్దుతూ కొడుకు వాటిని చూసి, సిగ్గుతో తల వంచుకుని, వంచిన తల ఎత్తకుండానే ఫోటోలు తీసి ఇంటర్నెట్‌లో పెట్టాడు.

అన్నీ మెల్‌బోర్న్‌లో ఉన్న శ్యామసుందరికి రాసినవి. ఆవిడది రాజమండ్రి. చదువుకోడానికి అక్కడికి వెళ్లి, నాటకమంతా పాటగానే నడిపించే ఒపేరాలో చేరి, ఇరవయ్యేళ్లు పాడింది. ఇప్పుడు ఆ ఊరి శివారు టార్నీట్‌లో ఒక్కతే ఉంటోంది. అక్కడి తెలుగు సంఘం ఆవిణ్ణి ఏ ఉగాదికీ పాడమనలేదు. ఒక ఏడాది మాత్రం పులిహోర చేసి తెమ్మంది.

ఉత్తరాలు బయటపడగానే సంఘం అత్యవసరంగా సమావేశమైంది. సంస్కృతికి ఎంత నష్టం జరిగిందో తేల్చాలంటే ముందు వాటిని చదవాలి గనక, కార్యవర్గం రెండేసి సార్లు చదివింది. "నీ గొంతు వినని రోజున నా హార్మోనియం అన్నం ముట్టదు" అన్న వాక్యాన్ని తీవ్రంగా ఖండించి, ఎవరి ఫోన్లో వాళ్లు దాచుకున్నారు. చివరికి అది ప్రేమ కాదు, నాదోపాసన అని తీర్మానించి, అధ్యక్షుడు ఆనందరావు శ్యామసుందరి ఇంటికి వెళ్లాడు.

"ఆంటీ, సంస్మరణ సభకి మీరే చీఫ్ గెస్ట్. కమ్యూనిటీ అంతా ఎక్సైటెడ్‌గా ఉంది."

"పాడాలా?"

"అబ్బే, మిమ్మల్ని శ్రమ పెట్టం. నాలుగు మాటలు చాలు."

ఆవిడకి నవ్వొచ్చింది. అయినా ఒప్పుకుంది. ఏళ్ల తరబడి గొంతులో ఇరుక్కున్న మాట ఒకటుంది. చెప్పుకోడానికి ఇన్ని చెవులు మళ్లీ దొరకవు.

ఆదివారం కౌన్సిల్ హాలు కిటకిటలాడింది. నాదోపాసన పిల్లలకి తగదని వాళ్లని కార్‌పార్క్‌లో ఆడుకోమన్నారు. ఆనందరావు గొంతు సవరించుకున్నాడు. "మహానుభావుల హృదయం మహాసముద్రం! అందులో ఒక అల మన టార్నీట్ దాకా రావడం మన సబర్బ్ చేసుకున్న పుణ్యం!"

చప్పట్లు మోగాయి. శ్యామసుందరి మైకు అందుకుంది.

"మీరు చదివినవి మొదటి పేజీలే. రెండో పేజీలు వాళ్లబ్బాయి పెట్టలేదు. అసలు ఉత్తరాలు నా దగ్గరున్నాయి."

హాలు హాలంతా కుర్చీల అంచుకి జరిగింది.

"రెండో పేజీలో ఎప్పుడూ ఒకటే మాట. నిన్న ఫోన్లో నువ్వు పాడిన వరసకి స్వరం రాసి పంపు, అని. పిచ్చిదాన్ని, పంపాను. మీరు పెళ్లిళ్లలో వేసుకునే ఆయన పాటలు ఆరు ఉన్నాయే, ఆ వరసలు నావి. వినండి."

పల్లవి ఎత్తుకుంది. ఆనందరావు సైగ చెయ్యగానే మైకు ఆగిపోయింది. ఒపేరా వాళ్లకి మైకు అక్కర్లేదన్న సంగతి సంఘానికి తెలియదు. గొంతు గోడలు దాటింది. కార్‌పార్క్‌లో పిల్లలు బంతి వదిలేసి గుమ్మంలోకి వచ్చి నిలబడ్డారు. ఎన్నేళ్లకో తన పాట తన నోట పలికినందుకు ఆవిడకి కళ్లు చెమర్చాయి.

పాట ఆగగానే ముందు వరసలోంచి ఒక పెద్దమనిషి లేచాడు. "పరాయి ఆడదాన్ని ప్రేమించాడంటే మనసున్నవాడు లెమ్మని సరిపెట్టుకున్నాం. దొంగ అంటారా? ఆ మహానుభావుణ్ణి!"

"అవి టెక్నికల్ విషయాలండీ, లంచ్ తర్వాత చూద్దాం," అన్నాడు ఆనందరావు.

అంతలో వెనకనుంచి ఎవరో ఇల్లాలు మెల్లిగా అడిగింది. "అవన్నీ సరే ఆంటీ. ఇంతకీ ఆయనెప్పుడైనా మీ చెయ్యి పట్టుకున్నారా?"

పాటకి కూడా ఆ హాలు అంతగా చెవులు రిక్కించలేదు.

శ్యామసుందరి అందరినీ ఒకసారి కలయజూసి, వేదిక దిగి, కారెక్కి ఇంటికి వెళ్లిపోయింది. సభ దిగ్విజయంగా ముగిసింది. ఆయన పట్టుకున్నారో లేదో నేటికీ తేలలేదు. మీరు నిరాశపడ్డారని మాకు తెలుసు. ఆ ఆరు పాటలూ ఏవని మాత్రం మీరూ అడగలేదు.